దగ్గడం నేర్చుకో, చిన్నా

యూసుఫ్‌గూడ

చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వడిగినవన్నీ ఏ ఆసుపత్రి మంచిది, ఏ డాక్టరు హస్తవాసి మంచిది, అమావాస్య దాటాక పెట్టుకుందామా అనే. నీ గుండె నాళాలు మూడూ పూడుకుపోయాయని యాంజియోగ్రాంలో తేలింది. షుగరున్న మనిషికి స్టెంట్ల కంటే బైపాసే మేలని నిమ్స్‌లో డాక్టర్లు చెప్పారు. ఇక ఆ చర్చ చాలించు. అష్టమి, నవమి చూసుకుంటానంటే నేనేమీ అనను గానీ, ఆపరేషన్ల లిస్టు పంతులుగారు వెయ్యరు. సర్జన్‌ది కొన్ని గంటల పని. తరవాత మూడు నెలలూ పని నీది, మనింట్లో వాళ్ళది. గుండె ఆపరేషన్ల ఐసీయూలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ నేను చూసింది ఇదే. ఆపరేషన్ బాగా జరిగి, ఇంటికెళ్ళాక ఒళ్ళు మరిచి తిరిగి చేరినవాళ్ళను చూసినప్పుడే నాకు ఎక్కువ బాధేసేది.

లోపల ఏం చేస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. రొమ్ము ఎముకను నిలువునా కోసి తెరుస్తారు. రక్తాన్ని ఒక యంత్రంలోకి మళ్ళించి, గుండెను మందుతో ఆపి, పూడుకుపోయిన చోటు దాటించి కొత్త దారి కుడతారు. గుండె కొట్టుకుంటుండగానే కుట్టే సర్జన్లూ మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ యంత్రం ఆసరాతో తొలిసారి ఆపరేషన్ గెలిచింది 1953 మే 6న, ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ చేతుల మీద. కాలి నరంతో బైపాస్ చేసే పద్ధతిని 1967లో రెనె ఫవలోరో గాడిలో పెట్టాడు. అంటే నీకు చెయ్యబోయేది నిన్న మొన్న పుట్టిన ప్రయోగం కాదు. దాసరి ప్రసాదరావు గారి లాంటి సర్జన్లు నిమ్స్‌లో ఏళ్ళ తరబడి చేసిందే. అంతెందుకు, 2021 ఫిబ్రవరి 2న ఒక రైతు గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు మెట్రో రైల్లో అరగంటలోపే తెచ్చి ఇంకొకరికి అమర్చారు. ఆ రైలు మా యూసుఫ్‌గూడ స్టేషన్‌లో ఆగకుండా మా నెత్తి మీదుగానే పోయింది. నీకు నీ గుండే ఉంటుందిరా, దారులే కొత్తవి.

ఇప్పటి నుంచి చెయ్యాల్సినవి చెబుతాను. మందుల సంగతి మొదట. రక్తం పలచబరిచే మాత్రల్లో క్లోపిడోగ్రెల్‌ను మామూలుగా ఐదు రోజుల ముందు ఆపమంటారు, ఆస్పిరిన్‌ను చాలామందికి కొనసాగిస్తారు. షుగరు మాత్రల్లోనూ కొన్ని ముందే ఆపాల్సినవి ఉంటాయి. ఏది ఏ రోజు ఆపాలో డాక్టరు చేత చీటీ మీద రాయించుకో. నీ కొట్టుకొచ్చే మెడికల్ షాపు కుర్రాడి సలహా వద్దు. షుగరు అదుపులో లేకపోతే గాయం చీము పడుతుంది, అందుకని ఆపరేషన్‌కున్న ఈ అయిదు వారాలూ నాలుక కట్టుకో. పుచ్చిన పన్నుంటే ఇప్పుడే చూపించుకో. రక్తం ఇచ్చేవాళ్ళు నలుగురిని ముందే మాట్లాడి పెట్టుకుంటే ఆపరేషన్ రోజు నిమ్స్ చుట్టూ పంజాగుట్టలో పరుగులు తప్పుతాయి. డబ్బు గురించి కంగారొద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో బైపాస్ ఉంది, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో దాని పరిమితి పది లక్షలు. కార్డూ ఆధారూ జిరాక్సులు రెండేసి పెట్టుకో.

ఇక అసలు పాఠం. మూడు బంతుల ప్లాస్టిక్ యంత్రం ఒకటి మందుల షాపుల్లో దొరుకుతుంది. ఇవాళే కొను. అందరూ చేసే తప్పు దాన్ని బూరలా ఊదడం. ఊదకూడదు, పీల్చాలి. నిటారుగా కూర్చుని, గొట్టం పెదాల మధ్య బిగించి, మెల్లగా లోపలికి లాగితే బంతులు లేస్తాయి. పైకి లేచినవాటిని రెండు మూడు లెక్కపెట్టే దాకా నిలబెట్టి వదిలెయ్. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. ఆపరేషన్ తరవాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తారు. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది, న్యుమోనియా వస్తుంది. ఆ కఫం బయటికి రావాలంటే దగ్గాలి. కోసిన ఎముక మీద దగ్గాలంటే ఎంత మొనగాడైనా వణుకుతాడు. అందుకే ఒక గట్టి చిన్న దిండు. దాన్ని రొమ్ముకు అదిమి రెండు చేతులా కౌగిలించుకుని, ముందుకు వంగి, ఒక్కసారి లోతుగా దగ్గడం. ఇది ఇప్పుడే అలవాటైతే ఆ రోజు చెయ్యి దానంతటదే దిండు వెతుక్కుంటుంది. తుమ్మినా, నవ్వినా అదే దిండు.

మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంటుంది, మాట రాదు. చేతులు మెత్తగా కట్టి కూడా ఉండొచ్చు, గొట్టం పీక్కోకుండా. ఊపిరి నువ్వు సొంతంగా తీసుకోగానే తీసేస్తారు. ఛాతీ నుంచి కూడా గొట్టాలుంటాయి. ఒకటి రెండు రాత్రులు పగలూ రాత్రీ తెలియక కొందరు ఏవేవో మాట్లాడతారు. ఐసీయూలో నన్ను చచ్చిపోయిన తన అత్తగారనుకుని పప్పులో ఉప్పు తక్కువైందని తిట్టినాయన ఒకాయన ఉన్నాడు, తేరుకున్నాక అడిగితే ఏమీ గుర్తులేదు. కోడలికి ఈ సంగతి ముందే చెప్పు, లేకపోతే అద్దంలోంచి చూసి హడలిపోతుంది.

డిశ్చార్జి అయ్యాక నేరుగా మా ఇంటికి రండి. మీ ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు; మాది కింది భాగం, పైగా ఆసుపత్రి దగ్గర. వెస్ట్రన్ కమోడ్ ఉంది. కారులో వెనక సీట్లో కూర్చో, బెల్టుకీ రొమ్ముకీ మధ్య ఆ దిండు పెట్టుకో.

ఎముకను స్టీలు తీగలతో కడతారు. అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, బాగా గట్టిపడటానికి మూడు నెలలు. ఆ తీగల మీద నమ్మకంతో నువ్వు బియ్యం మూటకు చెయ్యేస్తావేమోనని నా భయం. రెండు మూడు కిలోలు మించి ఎత్తొద్దు. స్నానాల బకెట్టు కూడా ఎత్తొద్దు. కొట్టు షట్టరు లాగొద్దు, బండి నడపొద్దు, మీ బుజ్జిగాడు మీదికి దూకితే పట్టుకోవద్దు. కొట్లో మూటలు దింపడానికి మూడు నెలలకి ఇప్పుడే ఒక మనిషిని మాట్లాడుకో. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి జార్చి లే. చుట్టాలు ప్రేమకొద్దీ చంకల కింద చేతులేసి లేపబోతారు, ఒప్పుకోకు.

చుట్టాల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. పది రోజుల పాటు పరామర్శలు వద్దని మీ అమ్మకి నేనే ఫోన్ చేసి చెబుతాను. ఆమె నొచ్చుకున్నా సరే. జలుబుతో ఒక్కడొచ్చి పక్కన కూర్చుంటే చాలు మన పని అవడానికి.

తిండి మొదట్లో సహించదు, నోరు చేదుగా ఉంటుంది. పథ్యమని చారూ అన్నంతో సరిపెడితే గాయం మానదు. పప్పు, గుడ్డు, పెరుగు కొంచెం కొంచెంగా తినాలి. ఆవకాయా, వడియాలూ, అప్పడాలూ మానెయ్, ఉప్పు ఒంట్లో నీరు నిలబెడుతుంది. రోజూ పొద్దున్నే బరువు చూసుకో. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యాలి. నరం తీసిన కాలు వాస్తుంది, కూర్చున్నప్పుడు స్టూలు మీద పెట్టుకో. గాయానికి పసుపూ కొబ్బరినూనే ఎవరు తెచ్చినా పూయనివ్వకు. జ్వరమొచ్చినా, గాయం నుంచి రసి కారినా, ఊపిరి తీసినప్పుడు ఎముకలో టక్కుమని చప్పుడొచ్చినా, గుండె దడదడలాడి ఆగకపోయినా రేపు చూద్దామనుకోవద్దు. ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే 108కి చెయ్యండి.

నడక మటుకు మానొద్దు. మొదటి వారం వరండాలో, తరవాత వీధి చివరిదాకా, ఆ తరవాత కృష్ణకాంత్ పార్కులో నేను కూడా వస్తాను. నడుస్తూ నడుస్తూ ఉండగా ఒక రోజు ఏ కారణమూ లేకుండా ఏడుపొస్తుంది. చాలామందికి వస్తుంది, మగవాళ్ళకీ వస్తుంది. దాచుకోకు. వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చెబుదాం, దానికీ మందుంది. తిరుమల మొక్కు మొక్కావట. అలిపిరి నుంచి 3,550 మెట్లు అప్పుడే ఎక్కేస్తానని బయల్దేరకు, సర్జన్ సరేనన్నాక బస్సెక్కి వెళ్ళు, దేవుడేమీ అనుకోడు.

ఈ కాగితాలు కోడలికీ మీ అమ్మకీ ఇచ్చి చదివించు. చివరి కాగితం మాత్రం చించి నీ జేబులో పెట్టుకో, అది నీకొక్కడికే.

నువ్వు కొట్టు వెనక సిగరెట్టు కాలుస్తావని మీ అమ్మకి తెలియదు, నాకు తెలుసు. ఓ పెళ్ళిలో నీ పక్కన నిలబడ్డాను, నీ చొక్కా వాసనే చెప్పింది. పైన రాసినవన్నీ చేసి ఇదొక్కటి ఆపకపోతే, ఆపరేషన్ అయిన రాత్రి కఫంతో ఊపిరాడక వెంటిలేటర్ మీద అదనపు రోజులుంటావు. కుట్టిన కొత్త నాళాలు మళ్ళీ త్వరగా పూడుకుపోతాయి. కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి, నీకు అయిదున్నాయి. మానలేకపోతే సిగ్గుపడక ఛాతీ డాక్టరును అడుగు, మందులు రాస్తారు. ఈ ఉత్తరం అందిన సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఆపేశానని ఒక్క మాట చెప్పు.

పెద్దమ్మ