పనివేళ కోడికునుకు: ఆళ్లగడ్డ ఉలి నేర్పిన పాఠాలు

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఉలి పట్టుకునే ముసలివాణ్ణయ్యాను. కొత్తగా పనిలో చేరే పిల్లలకు చెప్పే మాటలే ఇవి. నంద్యాల ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకూ పనికొస్తాయి.

1. మధ్యాహ్నం మగతను సోమరితనమని తిట్టకండి. అన్నం తిన్నందుకే వస్తుందంటారు గానీ, తినకపోయినా వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య చురుకుదనం తగ్గడం ఒంటి స్వభావం. దానికి మన ఎండ తోడైతే ఇక చెప్పాలా! మే నెలలో నంద్యాలలో 43, 44 డిగ్రీలు మామూలే.

2. మగతగా ఉన్నప్పుడు విగ్రహం ముఖం జోలికి పోవద్దు. ముక్కు కొన, కనురెప్ప, పెదవి అంచు... అక్కడ సుత్తి దెబ్బ కాస్త పక్కకు పడితే పెచ్చు లేచిపోతుంది. మట్టిబొమ్మయితే మళ్లీ అద్దుకోవచ్చు, రాతికి ఆ వీలు లేదు. భిన్నమైన విగ్రహాన్ని గుడిలో నిలపరు. వారాల కష్టం మూలన పడుతుంది. ఇప్పుడు గ్రైండర్లు వచ్చాయి. చక్రం తిరుగుతుండగా రెప్ప వాలితే వేళ్లకే ముప్పు. మా గురువుగారు భోజనం కాగానే అందరినీ చెట్టు నీడన పడుకోమనేవారు. తానూ తువ్వాలు పరుచుకుని నడుము వాల్చేవారు. లేచి, ముఖం కడుక్కుని, ముందు పీఠం మీద నాలుగు దెబ్బలు వేసేవారు. చెయ్యి కుదిరిందని తోచాకే కళ్లు తీర్చడానికి కూర్చునేవారు.

3. ఇరవై నిమిషాలు చాలు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారుకుంటాం. అందులోంచి లేస్తే తల దిమ్మెక్కి, ఉన్న హుషారూ పోతుంది. మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. రాత్రి తక్కువైన నిద్రను ఈ కునుకు పూర్తిగా తీర్చలేదు. రోజూ పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే డాక్టరుకు చూపించుకోవాలి.

4. పగటినిద్ర మంచిది కాదని ఆయుర్వేదం చెప్పిందనే పెద్దలున్నారు. నిజమే, కానీ చరక సంహిత వేసవిని మినహాయించింది. రాత్రులు చిన్నవి, ఒంట్లో సారం ఇంకిపోయే కాలం గనుక పగలు పడుకోవచ్చంది. మన సీమకు అది ఎంత సరిపోయే మాట!

5. అందరూ ఒకేసారి పడుకోవాలనేం లేదు, వంతులేసుకోవచ్చు. అమెరికాలో నాసా వాళ్లు సముద్రాలు దాటే విమానాల్లో పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇచ్చి చూశారు. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విరామం లేనివాళ్ల కంటే దిగే సమయానికి చురుగ్గా ఉన్నారు. వందల ప్రాణాలు మోసేవాళ్లకే సాధ్యమైనప్పుడు మన కొట్లో, మిల్లులో ఎందుకు కాదు? బెంగళూరులో పరుపులు అమ్మే వేక్‌ఫిట్ కంపెనీ 2022లో తన ఉద్యోగులకు రెండు నుంచి రెండున్నర దాకా కునుకు సమయమని ప్రకటించింది.

6. డ్రైవర్లకు ప్రత్యేకంగా చెబుతున్నా. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే రహదారి మీద మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతుంటే టీతో నెట్టుకురావద్దు. బండి రోడ్డు దించి, నీడన ఆపి, ఒక కునుకు తీసి కదలండి.

7. చివరి మాట యజమానులకు. ఒక చాప, ఒక ఫ్యాను, కుండలో చల్లటి నీళ్లు, ఓ అరగంట ఇవ్వండి. ఆ అరగంటకు కూలి మాత్రం కోయకండి.