మాత్రలు పనిచేయనప్పుడు సూది మందు: రుజువైనదేది, ప్రయోగ దశలో ఉన్నదేది?

అంగస్తంభన లోపం గురించి డాక్టరుతో మాట్లాడటానికి చాలామంది బిడియపడతారు. మందుల షాపులో మాత్ర కొని వేసుకుంటారు. అది పనిచేయకపోతే ఇక చికిత్సే లేదనుకుంటారు, లేదా ప్రకటనల్లో చూసిన ఖరీదైన ఇంజక్షన్ల కోసం వెళతారు. మాత్ర ఎందుకు విఫలమవుతుందో అర్థమైతే, ఏ సూది మందును నమ్మవచ్చో, దేని గురించి ప్రశ్నలు అడగాలో తెలుస్తుంది.

మాత్ర చేసే పని

లైంగిక ప్రేరణ కలిగినప్పుడు పురుషాంగంలోని నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో కండర కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం తయారవుతుంది. అది నునుపు కండరాలను సడలించడంతో స్పంజిలాంటి కణజాలం రక్తంతో నిండుతుంది. పీడీఈ-5 అనే ఎంజైము ఈ పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్, తర్వాత వచ్చిన టడలాఫిల్ ఆ ఎంజైమును అడ్డుకుంటాయి.

అంటే మాత్ర తనంతట తాను సంకేతాన్ని పుట్టించదు. తొట్టి అడుగున కన్నం మూస్తే నీళ్లు నిలుస్తాయి కానీ, కుళాయిలో నీళ్లే రాకపోతే తొట్టి నిండదు కదా! ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో, ప్రోస్టేట్ కేన్సర్ శస్త్రచికిత్సలో నరాలు దెబ్బతిన్నవారిలో జరిగేది ఇదే.

అయితే మాత్ర విఫలమైందని తేల్చే ముందు, దాన్ని సరిగ్గా వాడారో లేదో చూడాలి. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే సిల్డెనాఫిల్ ఆలస్యంగా పనిచేస్తుంది. మోతాదు తక్కువైనా, ఒకటి రెండుసార్లు వాడి మానేసినా ఫలితం తెలియదు.

రుజువైన సూది మందు

1982లో ఫ్రాన్స్ వైద్యుడు రోనాల్డ్ విరాగ్, పాపవెరిన్ అనే మందును నేరుగా పురుషాంగంలోకి ఎక్కిస్తే స్తంభన కలుగుతుందని ప్రకటించారు. 1983లో బ్రిటిష్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ లాస్ వెగాస్‌లో జరిగిన మూత్రవ్యాధి నిపుణుల సదస్సులో తనపై తాను చేసుకున్న ప్రయోగ ఫలితాన్ని అందరి ముందూ చూపించారు. 1995లో ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజక్షన్‌కు అమెరికాలో అనుమతి లభించింది.

ఆల్‌ప్రోస్టాడిల్ సైక్లిక్ ఏఎంపీ అనే మరో మార్గంలో కండరాన్ని సడలిస్తుంది. నరాల సంకేతంతో దానికి పనిలేదు. అందుకే మాత్రలు పనిచేయని చాలామందిలో ఇది పనిచేస్తుంది. ధమనులు బాగా పూడుకుపోయినవారిలో మాత్రం ఇదీ చాలకపోవచ్చు. నొప్పి, సూది గుచ్చిన చోట కణజాలం గట్టిపడటం దీని దుష్ఫలితాలు. స్తంభన 4 గంటలకు మించి తగ్గకపోతే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే మొదటి మోతాదును డాక్టరు సమక్షంలోనే ఇచ్చి, ఎంత సరిపోతుందో నిర్ణయిస్తారు.

ప్రయోగ దశలో ఉన్నవి

ఆల్‌ప్రోస్టాడిల్ ఫలితం ఆ కాసేపే. దెబ్బతిన్న కణజాలాన్నే బాగుచేయాలన్నది కొత్త పరిశోధనల లక్ష్యం. రోగి రక్తం నుంచి వేరుచేసిన ప్లేట్‌లెట్ల ద్రవం, మూలకణాలు ఈ కోవలోనివి.

ప్లేట్‌లెట్ల ఇంజక్షన్‌పై జరిగిన రెండు పరీక్షలను పోల్చి చూద్దాం. 2021లో గ్రీస్ పరిశోధకులు 60 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. 6 నెలల తర్వాత అసలు ఇంజక్షన్ తీసుకున్నవారిలో 69 శాతం మందికి, మందు లేని సూది వేయించుకున్నవారిలో 27 శాతం మందికి మెరుగుదల కనిపించింది. 2023లో అమెరికా పరిశోధకులు 61 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. నెల తర్వాత ఆ అంకెలు సుమారు 58, 54 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

మందు లేని సూదితోనూ సగానికి పైగా మెరుగుపడ్డారంటే, ఈ సమస్యలో నమ్మకం, మానసిక స్థితి ఎంత ప్రభావం చూపుతాయో గమనించండి. పోల్చి చూడటానికి అలాంటి బృందం లేకపోతే ఏ చికిత్స అయినా అద్భుతంగానే కనిపిస్తుంది. ఇంకో విషయం: రెండు పరీక్షల్లోనూ పాల్గొన్నది తేలికపాటి, మధ్యస్థాయి సమస్య ఉన్నవారే. మాత్రలకు లొంగని తీవ్ర సమస్యకు ఈ ఫలితాలను అన్వయించలేం.

ఒప్పుకునే ముందు అడగండి

మన దేశంలో 2009 జూన్ 15 నుంచి మందుల క్లినికల్ పరీక్షలను భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ వివరాలను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం పరిశోధనకు అయ్యే ఖర్చును అందులో పాల్గొనేవారి నుంచి వసూలు చేయకూడదు. ఈ సమస్యకు మూలకణాలను పరీక్షలో భాగంగా తప్ప మామూలు చికిత్సగా ఇవ్వకూడదు. కాబట్టి నమోదు సంఖ్య, నైతిక కమిటీ అనుమతి చూపించమని అడగండి. ప్రయోగ దశలోని ఇంజక్షన్‌కు వేలల్లో, లక్షల్లో డబ్బు అడిగితే వెనుదిరగడమే మంచిది.

చివరగా, పురుషాంగ ధమనులు గుండె ధమనులకన్నా సన్నవి. రక్తనాళాల జబ్బు ముందుగా ఇక్కడే బయటపడవచ్చు. మాత్ర పనిచేయలేదంటే రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్, రక్తపోటు పరీక్షించుకోవాలి. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్రలు అసలే వేసుకోకూడదు. బిడియం వదిలి డాక్టరును కలిస్తే గుండెకూ మేలు జరగవచ్చు.