ఎడమకాలి పాఠం

నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. ఖాళీ నేల కనబడితే అందులో ఏం పండుతుందా అని చూడటం మా ఇంటి అలవాటు. రెండేళ్ళ క్రితం బి.ఎస్సీ.లో చేరడానికి నాయనా నేనూ నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి, పబ్లిక్ గార్డెన్స్, అసెంబ్లీ దాటి నడిచి వస్తుంటే లాల్ బహదూర్ స్టేడియం కనబడింది. గేటులోంచి తొంగిచూసి నాయన అన్న మాట: "ఇంత జాగల ఏం పండిస్తర్రా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు చెప్పగలననుకుంటున్నాను.

దీని పాతపేరు ఫతే మైదాన్. ఫతే అంటే విజయం. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడ విడిది చేశాయనీ, కోట పడిన తర్వాత ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. నిజాముల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పక్కనే నిజాం కాలేజీ. గన్‌ఫౌండ్రీ మీదుగా కాస్త నడిస్తే ఆబిడ్స్. 1955 నవంబరులో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు తీసింది ఇక్కడే. టెస్టు క్రికెట్‌లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అది. అందుచేత చాలామందికి ఇది క్రికెట్ మైదానంగానే గుర్తు. కాని ఆ రోజుల్లో ఈ నగరం దేశానికి పెట్టిన పెద్ద పంట ఫుట్‌బాల్.

ఆ పంటకు సేద్యగాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట బడిపంతులు. 1943 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తర్ఫీదు ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1956-57, 1957-58లలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ తెచ్చింది. మరి ఇక్కడ ప్రత్యేకంగా ఏం జరిగింది?

రహీం గారు కుర్రవాళ్ళకు రెండు రకాల వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదానిలో బంతిని కాళ్ళ దగ్గర తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. రెండోదానిలో అలవాటులేని కాలితోనే ఆడాలి.

సైన్సు విద్యార్థిని గనుక మొదటిదాన్ని లెక్క వేసి చూశాను. బంతితో పరుగెత్తేవాడు సెకనుకు 6 మీటర్లు పోతాడనుకుందాం. 30 మీటర్లకు 5 సెకన్లు పడుతుంది. అదే బంతిని సెకనుకు 15 మీటర్ల సగటు వేగంతో అందిస్తే 2 సెకన్లు చాలు. మిగిలిన 3 సెకన్లు ఎదుటిజట్టు నష్టపోయినట్టే. పైగా బంతికి ఆయాసం రాదు. ఇక రెండోదానికి లెక్క అక్కర్లేదు. కుడికాలు ఒక్కటే ఆడేవాడు ఎటు తిరుగుతాడో ఎదుటివాడికి ముందే తెలుస్తుంది. ఆ ఒక్క పక్క కాపు కాస్తే సరి.

ఈ చదువు ఫలితం ఎంతదూరం పోయిందో చూడండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్ళు 10-1తో ఓడారు. 1956 మెల్‌బోర్న్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ అదే యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే. 4-1తో ఓడినా, చివరకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి మన నగరం ఆటగాళ్ళున్నారు. తులసీదాస్ బలరాం అమ్ముగూడలోని పేద ఇంటి పిల్లవాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో పోయారు.

ఇది చదివాక నాకు నా సంగతి అర్థమైంది. మొదటి ఏడు జట్టు ఎంపికలో నేను తప్పిపోయాను. బంతి ఎడమవైపు వస్తే చాలు, తడబడేవాణ్ణి. ఆరు నెలలు పొద్దున్నే గోడకు ఎడమకాలితో బంతి కొట్టాను. మొదట్లో చూసినవాళ్ళంతా నవ్వారు. రెండో ఏడు జట్టులోకి వచ్చాను. అంతటితో ఆగలేదు. తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లీషు కూడా ఎడమకాలే. క్లాసులో లేచి ప్రశ్న అడగడానికి భయపడేవాణ్ణి. ఇప్పుడు రోజుకొక ప్రశ్న, తప్పైనా సరే, అడుగుతున్నాను.

ఇక మైదానం సంగతి. స్టేడియంలో ఇవాళ సభలూ, ఉత్సవాలూ జరుగుతుంటాయి. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం కూడా అక్కడే. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే వృత్తి క్లబ్బు వచ్చింది. గచ్చిబౌలి దాని సొంత మైదానం. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నారు బయటినుంచి తెచ్చి నాటితే ఒక పంట వస్తుంది, కాదనను. కాని ఏటేటా పండాలంటే మన నారుమడి మనకుండాలి. గల్లీ కుర్రవాళ్ళు ఆడుకునే జాగాలే ఆ నారుమడి.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోతే, మా ఊరి బడి వెనుక ఆటస్థలాన్ని దుకాణాలకు ఇవ్వాలని మాట నడుస్తున్నది. కోతలప్పుడు వడ్లు ఎండబెట్టేదీ, మిగతా రోజుల్లో మేమంతా ఆడి పెరిగిందీ అక్కడే. వద్దని అర్జీ రాసి రాత్రి నాయనకు చదివి వినిపించాను. బలరాం కథ, జకార్తా కథ కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గట్లనా, ఆ జాగల మనుషులు పండిండ్రా?" అని, కలం అడిగి మొదటి సంతకం తనే పెట్టాడు. అర్జీ ఇంకా తేలలేదు.

విద్యార్థి మిత్రులకూ, అధ్యాపకులకూ ఒక మనవి. వచ్చే ఏడు మన యూనియన్ ఆటల పోటీలలో ఒక ఎడమకాలి టోర్నమెంటు పెడదాం. ఎడమకాలి వాటం వాళ్ళు కుడికాలితో ఆడతారు. ఖర్చు ఒక్క బంతి. మొదటి పేరు నాది రాసుకోండి.