యంత్రసాక్ష్యము

గణనయంత్రము తనకొసగిన ఆదేశముల వరుసను మాత్రమే అనుసరించును. ఆ వరుసకు ప్రోగ్రామని పేరు. 1949వ సంవత్సరము మే నెల 6వ తేదీన ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అను యంత్రము వర్గసంఖ్యల పట్టికను ముద్రించెను. కాని ప్రోగ్రామునందు ఒక్క ఆదేశము తప్పినను ఫలితము చెడుచుండెను. దోషమును కనుగొనుటకై యంత్రము నాపి, ఒక్కొక్క ఆదేశమునే నడపి చూచుటలో విలువైన యంత్రకాలము వ్యర్థమగుచుండెను.

స్టాన్లీ గిల్ అను యువశాస్త్రజ్ఞుడు దీనికొక ఉపాయము పన్నెను. ఆదేశము నెరవేరినప్పుడెల్ల దాని గుర్తైన అక్షరమును యంత్రమే కాగితముపై ముద్రించునట్లు చేసి, ఆ విధానమును 1951లో ప్రకటించెను. యంత్రము నడచిన త్రోవ కాగితముపై నిలిచెను. దానిని తీరికగా పరిశీలించుచుండగా యంత్రము వేరొకరి పనికి ఉపయోగపడెడిది.

నేటికిని ఈ పద్ధతి వాడుకలో నున్నది. 1 మొదలు 10 వరకు గల సంఖ్యల మొత్తము 55 కావలసియుండగా 45 వచ్చినదనుకొనుడు. ప్రోగ్రామును ఎన్నిమారులు చదివినను, వ్రాసినవానికి తాను తలచినదే కనబడును. కూడిన సంఖ్యను, అప్పటి మొత్తమును ప్రతిమారును ముద్రింపుమని ఒక ఆదేశము చేర్చినచో, 1కి 1, 2కు 3, 3కు 6 అని వరుస సాగి, 9కి 45 కడ నిలిచిపోవును. 10 కూడబడలేదని అప్పుడు స్పష్టమగును.

తలంపు జరుగవలసినదానిని చెప్పును. ముద్రితమైన వరుస జరిగినదానిని చెప్పును. దోషమును వెదకువానికి రెండవదియే ప్రమాణము.