కంప్యూటరుకు జబ్బు చేస్తే ఏం చేయాలి?

పోయిన సంచికలో "కంప్యూటరు గురించి ఎవరైనా రాయండి" అని అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు. అందుకని నేను రాస్తున్నాను. కంప్యూటరు విషయంలో నా చేతుల మీద ఒక తప్పు జరిగింది. తప్పు జరిగిందని మీరందరూ విన్నారు గానీ, అది ఎట్లా సరి అయిందో సగం మందికి తెలియదు. అది కూడా చెబుతాను.

1. నేను చేసిన తప్పు

తొమ్మిది, పది తరగతుల ఎస్టీ పిల్లలకి ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది గదా. దానికోసం మా తరగతిలో 23 మంది కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ స్కాన్ చేసి ఒకే పెన్ డ్రైవులో పెట్టాము. మనిషికి మూడు చొప్పున మొత్తం 69 ఫైళ్లు. అసలు కాగితాలు అమ్మానాన్నలు ఊళ్లకు తీసుకుపోయారు. ప్రింట్లు తీయించే పని మేడం గారు నాకు అప్పగించారు. ఆయమ్మతో కలిసి బజార్లో ఒక నెట్ సెంటరుకి పోయి తీయించుకొచ్చాను.

తిరిగొచ్చి ల్యాబులో పెన్ డ్రైవు పెట్టి చూస్తే ప్రతి ఫైలు బొమ్మ మీద చిన్న బాణం గుర్తు ఉంది. నొక్కితే తెరుచుకోవటం లేదు. నాకు భయం వేసి మళ్లీ మళ్లీ నొక్కాను. ఒకరు చూసి "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టి మళ్లీ స్కాన్ చేసుకోండి" అన్నారు. ఫార్మాట్ కొడితే పెన్ డ్రైవు ఖాళీ అయిపోతుంది.

నా పక్క మంచం అమ్మాయి వాళ్ల నాన్న ఆ కుల పత్రం కోసం మిరపకోతలు మానుకొని మూడు రోజులు తిరిగాడు. మూడు రోజుల కూలి పోయింది. ఆ అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు కూడా కంచం పట్టుకుని వేరే వరసలో కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది గానీ, తప్పు నాదే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

2. ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి

మన కంప్యూటరు సారు వచ్చి తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు. "పెన్ డ్రైవు ఎంత నిండి ఉంది?" అన్నారు. ప్రాపర్టీస్‌లో చూశాము. ముందు ఎంత నిండి ఉందో ఇప్పుడూ అంతే ఉంది. బాణం గుర్తు ఫైళ్లు మాత్రం ఒక్కొక్కటి ఒక్క కేబీనే. "సంచి బరువు తగ్గలేదంటే సరుకు లోపలే ఉన్నట్టు గదా" అన్నారు సారు. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది.

దీనిని షార్ట్‌కట్ వైరస్ అంటారు. ఇది మన ఫైళ్లను చెరపదు. వాటికి "కనపడవద్దు" అనే గుర్తు పెట్టి, వాటి పేర్లతోనే దొంగ గుర్తులు తయారు చేస్తుంది. మన ఫైలే అనుకొని నొక్కితే వైరస్ ఆ కంప్యూటరులోకి దూకుతుంది. ఆ తర్వాత అందులో ఏ పెన్ డ్రైవు పెట్టినా దానికీ అంటుకుంటుంది. అంటే నేను భయపడి నొక్కిన ప్రతిసారీ ల్యాబు కంప్యూటరుకి నేనే జబ్బు అంటించాను.

మా వాళ్లు యానాదులు. మా తాత పొలాల్లో ఎలకలు పట్టేవాడు. ఎలక బొరియకి రెండు మూడు కన్నాలు ఉంటాయి. ఒక కన్నం దగ్గర పొగ పెట్టి మిగతావి మూయకపోతే ఎలక అటునించి పారిపోద్ది. వైరస్ కూడా అంతే. పెన్ డ్రైవు ఒక్కటే బాగుచేస్తే కంప్యూటరులోంచి మళ్లీ వస్తుంది. కంప్యూటరు ఒక్కటే బాగుచేస్తే పెన్ డ్రైవులోంచి వస్తుంది. అందుకని సారు ఈ వరసలో చేశారు:

(అ) పెన్ డ్రైవు తీసేసి, నెట్ తీగ కూడా పీకేశారు.
(ఆ) ముందు కంప్యూటరునే యాంటీవైరస్‌తో పూర్తిగా వెదికించారు. విండోస్ 10లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే ఉంటుంది. దీనికే గంట పైన పట్టింది.
(ఇ) తర్వాత పెన్ డ్రైవు పెట్టి, తెరవకుండానే దాన్ని వెదికించారు.
(ఈ) నల్ల తెర తెరిచి ఆట్రిబ్ అనే ఆదేశం ఇచ్చారు. "కనపడవద్దు" అన్న గుర్తును అది తీసేస్తుంది. ఆ ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ల్యాబు తలుపు వెనక అంటించాను, చూసుకోండి.
(ఉ) కనపడిన ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకొని, అప్పుడు మాత్రమే పెన్ డ్రైవు ఫార్మాట్ కొట్టారు.

నేను లెక్కబెట్టాను. 69కి 69 వచ్చాయి. ఆ రాత్రి ఆ అమ్మాయి తన కంచం తెచ్చుకొని నా పక్కనే కూర్చుంది.

నేర్చుకున్నది: ఫార్మాట్ కొట్టడం మొదటి మందు కాదు, ఆఖరి మందు.

3. చిన్న చిన్న జబ్బులు

కంప్యూటరు పనిచేయకపోతే ప్రతిసారీ వైరస్సే అనుకోకూడదు.

అసలు వెలగకపోతే: ముందు గోడ స్విచ్చి, తర్వాత యూపీఎస్, తర్వాత సీపీయూ వెనక తీగ, తర్వాత మానిటరు తీగ చూడండి. ఈ వరస తప్పకండి. ఒకసారి మేము అరగంట కంగారు పడ్డాక చూస్తే చీపురు తగిలి మానిటరు తీగ ఊడి ఉంది.

దానంతట అది ఆరిపోతుంటే: ఎక్కువసార్లు వేడి కారణం. సీపీయూ లోపల ప్రాసెసరు అనే ముక్క బాగా వేడెక్కితే కాలిపోకుండా కంప్యూటరే ఆగిపోతుంది. మన చీమకుర్తి గ్రానైటు ఊరు. ఇక్కడి గెలాక్సీ గ్రానైటు నల్లగా ఉండి లోపల బంగారు చుక్కలు మెరుస్తాయి, ఓడలెక్కి విదేశాలకు పోతుంది. రాయి వాళ్లకి పోయినా దుమ్ము మనకే మిగులుతుంది. లారీలు తిరిగే కొద్దీ అది కిటికీల్లోంచి వచ్చి సీపీయూ ఫ్యానుకి పట్టేస్తుంది. గాలి ఆడక వేడి పెరుగుతుంది. నెలకొకసారి కరెంటు తీసేసి, మెత్తని బ్రష్షుతో సారు ఎదురుగా దులపాలి. తడిగుడ్డ పెట్టకూడదు.

తారీఖు తప్పు చూపిస్తుంటే: మన మూడో నంబరు కంప్యూటరు రోజూ పొద్దున్నే 2009 అని చూపించేది. మాకు నవ్వొచ్చేది, నేను అప్పటికి పుట్టనే లేదు. అయితే దాంట్లో నెట్ పేజీలు తెరిస్తే "ఇది సురక్షితం కాదు" అని వచ్చేది. రెండిటికీ కారణం ఒకటే. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని అదే నడుపుతుంది. అది అయిపోతే తారీఖు వెనక్కి పోతుంది. ఇక నెట్ పేజీలకి సర్టిఫికెట్లు ఉంటాయి, మన బస్ పాసు లాగా ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని. కంప్యూటరు 2009లో ఉన్నాననుకుంటే ఆ పాసు ఇంకా మొదలే కాలేదు అనుకొని ఆపేస్తుంది. సారు బ్యాటరీ మార్చారు. రెండు జబ్బులూ ఒక్క దెబ్బకి పోయాయి.

4. పోలీసు కంప్యూటర్లకే తాళం పడింది

"మనలాంటి చదువురాని ఇళ్ల పిల్లలకే ఇట్లాంటివి జరుగుతాయి" అని నేను అనుకునేదాన్ని. అది నిజం కాదు.

2017 మే 12న వాన్నక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి "300 డాలర్లు కడితే తీస్తాం" అని తెర మీద రాసింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకి కూడా పట్టింది. గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో జరిగింది.

ఇది నాకు పట్టిన వైరస్ లాంటిది కాదు. ఎవరూ ఏమీ నొక్కకపోయినా ఒక కంప్యూటరు నుండి ఇంకో కంప్యూటరుకి దానంతట అదే పాకిపోతుంది. విండోస్‌లో ఉన్న ఒక కన్నం దానికి దారి. ఆ కన్నం సంగతి అమెరికా గూఢచారి సంస్థకి ముందే తెలుసు. తన పనికి వాడుకుంటూ చెప్పకుండా దాచింది. దాని పనిముట్లను ఎవరో దొంగిలించి బయటపెట్టారు. మైక్రోసాఫ్టు 2017 మార్చి 14నే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్లు బతికిపోయారు, వేసుకోనివాళ్లు చిక్కారు.

కాబట్టి "అప్‌డేట్ వచ్చింది" అంటే విసుక్కోవద్దు. ముఖ్యమైన ఫైలు రెండు చోట్ల ఉంచాలి, అందులో ఒకటి కంప్యూటరుకి తగిలించి ఉండకూడదు. మన 69 ఫైళ్లు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి మేడం గారి బీరువాలో ఉంది.

5. కాపలాదారుడే పడిపోతే

యాంటీవైరస్ ఉంటే చాలు అని కూడా అనుకోకూడదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ తప్పు అప్‌డేట్ పంపింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకొని కూర్చున్నాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకి బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు, మన గోడపత్రిక లాగా! అందుకని చేత్తో రాయటం మరిచిపోవద్దు అని నా అభిప్రాయం.

6. కంపెనీల గురించి నా అభిప్రాయం

2014 నుండి మైక్రోసాఫ్టుకి పెద్ద మన తెలుగువాడు సత్య నాదెళ్ల గారు. మనకి గర్వమే. అయినా ఒక మాట అడగాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా ఇచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే పాత ప్రాసెసర్లకి పడదు, టీపీఎం అనే భద్రతా ముక్క కూడా కావాలంటుంది. కొత్త ముక్క వల్ల భద్రత పెరిగే మాట నిజమే, కాదనను. కానీ మన ల్యాబు కంప్యూటర్లు చక్కగా నడుస్తున్నాయి. నడిచే ఎద్దుని ముసలిదని కబేళాకి తోలినట్టు కాదా ఇది? కొత్తవి కొనగలిగినవాళ్లకి అప్‌డేట్, కొనలేనివాళ్లకి వైరస్ అంటే న్యాయం ఎక్కడుంది?

దీనికి ఒక దారి ఉంది. లైనక్స్ ఉచితం, పాత కంప్యూటర్లలో కూడా నడిచే రకాలు ఉన్నాయి, అప్‌డేట్లూ వస్తాయి. కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఎన్నో ఏళ్లుగా దాని మీదే నేర్చుకుంటున్నారు. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనపడే లైనక్స్ కూడా తయారు చేసింది. మన ల్యాబులో కనీసం ఒక్క కంప్యూటరులో వేసి చూద్దామని సారుని, మేడం గారిని ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను.

7. అమ్మ వేలిముద్ర

ఆఖరుగా ఇంటికి తీసుకెళ్లే పాఠం. మా అమ్మకి సంతకం రాదు. వేలిముద్ర వేస్తది. అప్పుడు ఆఫీసుల్లో దాన్ని చూసి నవ్వేవాళ్లు. ఇప్పుడు పెద్ద పెద్దోళ్ల ఫోన్లకి కూడా వేలిముద్రే తాళం. అంటే అమ్మ వేలు ఒక తాళంచెవి. తాళంచెవి ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వం గదా.

మా గూడెంలో ఒక పెద్దమ్మ చేత "ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అని ఒకడు రెండుసార్లు వేలు పెట్టించాడు. రెండుసార్లూ డబ్బు పోయింది. ఆమెకి చదవను రాదు, ఎవరికి చెప్పాలో తెలీదు. అందుకని మన ఇళ్లల్లో ఈ పని మనమే చేయాలి:

* వేలు పెట్టే ముందు "ఎందుకు, ఎంత" అని అడగమని చెప్పండి. రసీదు తీసుకోమనండి.
* ఆధార్ యాప్‌లో వేలిముద్రకి తాళం వేసుకోవచ్చు. కానీ తాళం ఉంటే రేషను దగ్గర కూడా పనిచేయదు, ఆ రోజు తీసి మళ్లీ వేయాలి. ఆధార్ సందేహాలకి 1947కి ఫోను చేయండి.
* ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు రావటానికి పిన్ కొట్టనక్కరలేదు, డబ్బు పోవటానికే కొట్టాలి.
* మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే పోయిన డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ.

నేను కూడా నా తప్పుని రెండు గంటలు దాచాను. ఆ రెండు గంటల్లోనే ల్యాబు కంప్యూటరుకి జబ్బు అంటింది. ముందే చెప్పి ఉంటే అంటేది కాదు. కాబట్టి చెల్లెళ్లారా, ఏదైనా తప్పు నొక్కితే వెంటనే సారుకో మేడం గారికో చెప్పండి. పెద్దవాళ్లకి కూడా ఒక మనవి. చెప్పిన పిల్లని తిట్టకండి. తిడితే ఈసారి ఎవరూ చెప్పరు.

మీకు సందేహాలుంటే చీటీ రాసి పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. తెలిసింది చెబుతాను, తెలియంది సారుని అడిగి రాస్తాను.

ఇట్లు
మీ సోదరి,
9వ తరగతి