మూడు సెకన్ల తీర్పు

పాఠ్యభాగ ఉద్దేశం

నియమం లేని క్రీడ కలహంతో సమానం. నియమాన్ని అమలుపరచే తీర్పరి మానవుడు కనుక పొరపాటు సహజం. ఆ పొరపాటును ఎవరు, ఎప్పుడు, ఏ మేరకు సరిదిద్దాలి అన్న ప్రశ్నను 1972 నాటి ఒక ఒలింపిక్ పోటీ ఆధారంగా విద్యార్థులచేత ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ద్యూతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న చూడడానికి చిన్నది. ధర్మరాజు ముందుగా తన్ను తాను ఓడి ఆ తరవాత ఆమెను పణంగా ఒడ్డాడా, లేక ఆమెను ఓడిన తరవాత తాను ఓడాడా అని ఆమె అడిగింది. అది పాచికలు ఎలా పడ్డాయన్న ప్రశ్న కాదు. ఏది ముందు, ఏది వెనుక అనే క్రమాన్ని గురించిన ప్రశ్న. ఎవరికి ఏ అధికారం ఉన్నదనే ధర్మాన్ని గురించిన ప్రశ్న. సభలోని పెద్దలు తేల్చి చెప్పలేకపోయారు. ధృతరాష్ట్రుడు ఆ ఆట ఫలితాన్ని తోసిపుచ్చి పాండవుల రాజ్యాన్ని పాండవులకే తిరిగి ఇచ్చాడు. కానీ వెంటనే మళ్లీ ఆట సాగింది. ఈసారి వచ్చిన ఫలితం వనవాసం. ఆట ముగిసిన తరవాత దాన్ని తిరిగి ఆడించడంలోని ప్రమాదాన్ని మన ఇతిహాసం అంత స్పష్టంగా చూపింది. అటువంటి చిక్కుముడి ఒకటి ఆధునిక క్రీడాచరిత్రలోనూ పడింది. దానికి కారణం మూడు సెకన్ల కాలం, రెండు ఫ్రీ త్రోలు.

బాస్కెట్‌బాల్ క్రీడను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు రూపొందించాడు. ఆయన రాసిన 13 నియమాలలో ఫ్రీ త్రో లేదు. ఒక జట్టు వరుసగా మూడు ఫౌళ్లు చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోలు లభించేది. ఒకరి తప్పుకు మరొకరికి ఫలితం అప్పనంగా ముట్టడం కన్నా, నష్టపోయినవాడు తన నైపుణ్యంతోనే దాన్ని సంపాదించుకోవడం మేలని తరవాతివారు భావించారు. ఫ్రీ త్రో పుట్టుకలోని ధర్మసూక్ష్మం అదే.

అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఫ్రీ త్రో గీత బోర్డునుంచి 4.6 మీటర్ల దూరంలో ఉంటుంది. బుట్ట అంచు నేలకు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బంతి చేతికి అందిన తరవాత 5 సెకన్లలోగా విసరాలి. అడ్డగించేవారు ఎవరూ ఉండరు. ఇరుపక్కల నిలిచిన ఆటగాళ్లు బంతి విసిరేవాని చేయి విడిచేదాకా లోపలికి అడుగు పెట్టరాదు. బుట్టలో పడిన ప్రతి విసురుకూ ఒక పాయింటు. బంతి వేస్తున్నవానిపై ఫౌల్ జరిగినప్పుడు, ఆ బంతి బుట్టలో పడితే ఆ పాయింట్లు దక్కడమే కాక ఒక ఫ్రీ త్రో అదనంగా లభిస్తుంది. పడకపోతే, వేసిన చోటును బట్టి రెండు లేక మూడు ఫ్రీ త్రోలు లభిస్తాయి. ఫౌల్‌కు గురైనవాడే వాటిని వేయాలి. గాయంవల్ల అతడు తప్పుకోవలసి వస్తే అతని స్థానంలో వచ్చినవాడు వేయాలి. గురి బాగా కుదిరినవాడిని ఏరుకొని పంపే స్వేచ్ఛ జట్టుకు లేదు.

1972 సెప్టెంబరు 9వ తేదీ రాత్రి 11 గంటల 45 నిమిషాలకు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఒలింపిక్ బాస్కెట్‌బాల్ తుది పోటీ మొదలైంది. నాలుగు రోజుల క్రితమే ఇజ్రాయెల్ క్రీడాకారులపై జరిగిన ఉగ్రవాద దాడితో ఆ క్రీడోత్సవం శోకమయమై ఉన్నది. ఒక పక్క అమెరికా, మరొక పక్క సోవియట్ యూనియన్. 1936లో ఈ క్రీడ ఒలింపిక్స్‌లో ప్రవేశించినది మొదలు ఏడు స్వర్ణాలనూ అమెరికాయే గెలుచుకున్నది. ఆడిన 63 పోటీలలో ఒక్కటీ ఓడలేదు. అటువంటి జట్టును సోవియట్ ఆటగాళ్లు ఆ రాత్రి ఆరంభంనుంచీ వెనుకనే నిలిపి ఉంచారు.

చివరి క్షణాలలో సోవియట్ జట్టు 49–48తో ముందున్నది. అలెగ్జాండర్ బెలోవ్ ఇచ్చిన బంతిని అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ మధ్యలోనే అందిపుచ్చుకొని బుట్టవైపు దూసుకుపోయాడు. ప్రత్యర్థి అతణ్ణి బలంగా ఢీకొనగా బుట్ట స్తంభం దగ్గర కుప్పకూలాడు. ఆటలో మిగిలినవి మూడు సెకన్లు. లభించినవి రెండు ఫ్రీ త్రోలు. తేరుకొని లేచిన కాలిన్స్ మొదటిది వేశాడు. స్కోరు సమమైంది. రెండవదానికి బంతి ఎత్తుతూ ఉండగా స్కోరర్ల బల్లనుంచి భోంకారం వినిపించింది. రిఫరీలు ఆట ఆపలేదు. కాలిన్స్ చలించలేదు. రెండవ బంతీ బుట్టలో పడింది. అమెరికా ఆ పోటీలో మొదటిసారిగా 50–49తో ముందుకు వచ్చింది.

వివాదమంతా ఆ భోంకారంలోనే ఉన్నది. ఆనాటి నియమం ప్రకారం శిక్షకుడు టైమ్ అవుట్‌ను ఫ్రీ త్రోలకు ముందైనా, రెండింటి నడుమనైనా తీసుకోవచ్చు. రెండవ ఫ్రీ త్రో సఫలమైన తరవాత తీసుకోవడానికి వీలు లేదు. తాము సకాలంలోనే కోరామనీ, బల్లవద్దనున్న అధికారులు సంకేతం ఇవ్వడంలో జాప్యం చేశారనీ సోవియట్ శిక్షకుల వాదం. సంకేతం రాని టైమ్ అవుట్ లేనట్టేనని అమెరికా వాదం. నిజంగా కోరి ఉంటే సోవియట్ జట్టుకు అన్యాయం జరిగినట్టే. కోరలేదంటే తరవాత జరిగిందంతా అమెరికాకు అన్యాయం. రెండు పక్షాలకూ చెప్పుకోవడానికి న్యాయం ఉన్నచోటనే తీర్పరికి అసలు పరీక్ష.

సోవియట్ ఆటగాళ్లు బంతిని ఆటలోకి విసిరారు. బల్లవద్ద చెలరేగిన గందరగోళం చూసి రిఫరీ ఆట ఆపించాడు. గడియారంలో ఒక్క సెకను మిగిలి ఉన్నది. అప్పుడు ప్రేక్షకుల మధ్యనుంచి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ దిగివచ్చి, గడియారాన్ని మూడు సెకన్లకు తిప్పమని ఆదేశించాడు. సమాఖ్యలో ఆయన మాటకు తిరుగు లేదు. కానీ జరుగుతున్న ఆటలో జోక్యం చేసుకొనే అధికారం నియమావళి ఆయనకు ఇవ్వలేదు.

ఆట రెండవసారి మొదలైంది. గడియారం ఇంకా సరిచేయకముందే రిఫరీ బంతిని అందించాడు. వెంటనే ముగింపు భోంకారం మోగింది. అమెరికన్లు సంబరాలలో మునిగారు. గడియారం సిద్ధం కాలేదు కనుక మళ్లీ ఆడాలని అధికారులు ప్రకటించారు. మూడవసారి ఇవాన్ ఎదెష్కో క్రీడాంగణం ఆ కొసనుంచి ఈ కొసకు బంతిని విసిరాడు. ఇద్దరు ప్రత్యర్థుల నడుమ గాలిలోకి లేచి బెలోవ్ దాన్ని అందుకొని బుట్టలో వేశాడు. కొద్ది క్షణాల క్రితం బంతి పోగొట్టుకున్నవాడే విజయం తెచ్చిపెట్టాడు. ఫలితం 51–50.

బ్రెజిల్‌కు చెందిన రిఫరీ రెనాటో రిగెట్టో ఆ ఫలితంపట్ల నిరసన తెలిపాడు. అమెరికా చేసిన ఫిర్యాదును ఐదుగురు సభ్యుల అప్పీలు సంఘం విచారించి 3–2 ఓట్లతో తోసిపుచ్చింది. సభ్యులు హంగరీ, పోలెండు, క్యూబా, ఇటలీ, పోర్టరీకో దేశాలవారు. మొదటి మూడూ నాటి ప్రచ్ఛన్న యుద్ధంలో సోవియట్ పక్షాన నిలిచిన దేశాలు కావడంతో, తీర్పును రాజకీయం నడిపించిందని అమెరికన్లు భావించారు. ఆటగాళ్లు వెండి పతకాలను నిరాకరించారు. తన మరణానంతరం భార్యాబిడ్డలు కూడా ఆ పతకాన్ని స్వీకరించరాదని జట్టు కెప్టెన్ కెన్నీ డేవిస్ వీలునామాలో రాశాడు.

నేటి నియమావళి ఇటువంటి సందర్భాలను మూడు తరగతులుగా విడదీసి చూస్తుంది. మొదటిది నిర్ణయంలోని పొరపాటు. తాకిడి ఫౌలా కాదా అన్నది రిఫరీ కంటికి తోచిన విషయం. ఆట సాగిపోయిన తరవాత దాన్ని తిరగదోడరు. రెండవది నియమాన్ని ఏమరుపాటున విస్మరించడం. రావలసిన ఫ్రీ త్రో ఇవ్వకపోవడం, రానిదాన్ని ఇవ్వడం, ఒకరికి బదులు మరొకరిచేత వేయించడం, పాయింట్లను తప్పుగా ఇవ్వడం లేక రద్దు చేయడం ఈ కోవకు చెందుతాయి. వీటిని దిద్దవచ్చు, అయితే గడువు ఉన్నది. తప్పు జరిగి గడియారం నడిచాక ఆట మొదటిసారి ఆగినప్పుడు, బంతి తిరిగి ఆటలోకి రాకముందే గుర్తించాలి. రాని ఫ్రీ త్రోలూ, ఇతరుడు వేసినవీ రద్దవుతాయి. ఈ నడుమ గడిచిన కాలం, వచ్చిన ఇతర పాయింట్లు, జరిగిన ఫౌళ్లు చెల్లుతాయి. ఒక జట్టుకు ఫ్రీ త్రోలకు బదులు పొరపాటున బంతి ఇవ్వగా, ఆ జట్టే పాయింట్లు సాధిస్తే తప్పును లెక్కలోకి తీసుకోరు. మూడవది కాలమానం, పాయింట్ల లెక్క నమోదులోని పొరపాటు. ప్రధాన రిఫరీ స్కోరు పత్రంపై సంతకం చేసేంతవరకూ దాన్ని సవరించవచ్చు.

టైమ్ అవుట్ నియమమూ మారింది. మొదటి ఫ్రీ త్రో కోసం బంతి ఆటగాని చేతికి అందిన తరవాత టైమ్ అవుట్ ఇవ్వరు. చివరి ఫ్రీ త్రో సఫలమైతే అప్పుడు ఇరుజట్లకూ ఆ అవకాశం ఉన్నది. ఈ నియమమే 1972లో ఉండి ఉంటే సోవియట్ శిక్షకుడు కాలిన్స్ రెండవ విసురు తరవాత నెమ్మదిగా టైమ్ అవుట్ కోరేవాడు. చివరి క్షణాల విసురు భోంకారానికి ముందు చేయి విడిచిందా లేదా అని తెరపై తిరిగి చూసుకొనే సదుపాయం కూడా నేటి రిఫరీలకు పెద్ద పోటీలలో ఉన్నది.

ఆ రాత్రి జరిగిన పొరపాటు ఒక్కటి కాదు. సంకేతం ఆలస్యం కావడం ఒకటి. దాన్ని దిద్దడానికి అధికారం లేనివాడు ఆదేశించడం మరొకటి. గడియారం చూడకుండా ఆట మొదలుపెట్టడం ఇంకొకటి. జోన్స్ సదుద్దేశంతోనే దిగివచ్చాడని అనుకున్నా, ఆయన ఇచ్చిన మూడు సెకన్లు న్యాయమైనవేనని ఒప్పుకున్నా, అవి ఇవ్వవలసిన చేయి ఆయనది కాదు. అందువల్లనే గెలిచినవారి గెలుపుపై నీడ పడింది. ఓడినవారి గాయం మానలేదు. బెలోవ్ బంతి అందుకున్న తీరు అద్భుతం. కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసిన ధైర్యమూ అద్భుతమే. ఆ రెండింటికీ దక్కవలసిన కీర్తిని తీర్పులోని లోపం హరించింది. తప్పును దిద్దాలనే తపన మంచిదే. ఆ దిద్దుబాటు కూడా నియమానికి లోబడినప్పుడే ధర్మమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

ద్యూతం = జూదం
పణం = పందెంగా ఒడ్డినది
తీర్పరి = న్యాయనిర్ణయం చేసేవాడు
ధర్మసూక్ష్మం = ధర్మంలోని లోతైన మర్మం
ప్రచ్ఛన్న = మరుగైన, బయటికి కనిపించని

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 1972 నాటి ఒలింపిక్ తుది పోటీలో చివరి మూడు సెకన్లలో జరిగిన సంఘటనలను క్రమంగా వివరించండి.
2. ‘ఆ దిద్దుబాటు కూడా నియమానికి లోబడినప్పుడే ధర్మమవుతుంది’ – పాఠం ఆధారంగా సమర్థించండి లేదా ఖండించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. ఫ్రీ త్రో పుట్టుకలోని ధర్మసూక్ష్మం ఏమిటి?
2. టైమ్ అవుట్ విషయంలో ఇరుపక్షాల వాదాలు ఏవి?
3. రిఫరీలు ఏయే పొరపాట్లను ఏ గడువులోగా దిద్దవచ్చు?