గూడు కట్టే చేప

పిల్లలూ! గిజిగాడు చెట్టుకొమ్మకు గూడు అల్లుతుందని మీ తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పగా విని ఉంటారు. గూడు కట్టే చేపను గురించి విన్నారా?

మన కెనడా దేశపు పడమటి తీరాన, బ్రిటిష్ కొలంబియాలో, టెక్సాడా అనే దీవి ఉన్నది. ఆ దీవిలోని ప్యాక్స్టన్ సరస్సులో స్టికిల్‌బ్యాక్ అనే చేప నివసిస్తుంది. పొడవు రెండు మూడు అంగుళాలు. వీపు మీద మూడు ముళ్ళుంటాయి.

దీని పూర్వీకులు సముద్రపు చేపలు. సుమారు 12,000 ఏండ్ల క్రితం మంచుయుగం ముగిసే కాలంలో ఇక్కడి సరస్సులలోకి చేరి, తిరిగి పోలేక ఉండిపోయాయి. క్రమంగా రెండు రకాలయ్యాయి. సన్నని చేప నీటి నడుమ తేలే సూక్ష్మజీవులను తింటుంది. లావుపాటి చేప ఒడ్డు దగ్గర, అడుగున పురుగులను వెదకుతుంది. సరిగ్గా ఇటువంటి జంటలు ఆ చుట్టుప్రక్కల కొన్ని సరస్సులలో తప్ప లోకంలో మరెక్కడా లేవు.

ఏప్రిల్ నెల వచ్చి నీరు వెచ్చబడగానే మగచేప గొంతు ఎర్రబడుతుంది. అది నోటితో ఇసుక తీసి చిన్న గుంట చేస్తుంది. నాచుపోగులు తెచ్చి పేర్చి, తన శరీరంలో ఊరే జిగురుతో అతికిస్తుంది. మధ్యలో దూరి సొరంగం చేస్తుంది. సన్నరకం గూడు ఆరుబయట ఉంటుంది. లావురకం గూడు మొక్కల చాటున. తరువాత మగచేప అటూ ఇటూ వంకరటింకరగా నాట్యం చేస్తూ ఆడచేపను పిలుస్తుంది. ఆడచేప గూటిలో గ్రుడ్లు పెట్టి తన దారిన పోతుంది! కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో విసరుతూ గ్రుడ్లకు మంచినీరు అందేటట్లు చూస్తుంది. వారం రోజులు గడిచాక పిల్లలు బయటపడతాయి. మన కొర్రమీను కూడా పిల్లలను కాచుకుంటుంది గాని, ఇంత నేర్పుగా గూడు కట్టదు.

ఎరుపు చూస్తే మగచేపకు మహాకోపం. హాలెండు శాస్త్రవేత్త టిన్‌బెర్గెన్ తొట్టెలలో ఈ జాతి చేపలను పెంచేవాడు. కిటికీ బయట ఎర్రని తపాలా బండి పోతూంటే మగచేపలన్నీ దానిమీదికి దూకబోయేవట! జంతువుల ప్రవర్తనపై చేసిన కృషికి 1973లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

వేసవిలో చేపపిల్లలు ఒడ్డునున్న మొక్కల నడుమ పెరుగుతాయి. చలికాలానికి చేపలు లోతు నీటికి పోతాయి. సన్నరకం చేప రెండేళ్ళకు మించి బ్రతకడం అరుదు. అందుచేత ఒకటి రెండు వసంతాలలో గూళ్ళు పాడైతే చాలు, ఆ రకానికే ముప్పు.

అదే జరిగింది. లాస్క్వెటీ దీవిలోని హ్యాడ్లీ సరస్సులో ఎవరో తూర్పు ప్రాంతపు జెల్లచేపలను వదిలారు. అవి గూళ్ళను పాడుచేసి ఉంటాయని నిపుణుల అభిప్రాయం. 1990ల లోనే అక్కడి రెండు రకాలూ అంతరించాయి. వాంకూవర్ దీవిలోని ఈనోస్ సరస్సులో, పీతకూ రొయ్యకూ పోలికగల క్రేఫిష్ ప్రవేశించిన తరువాత, రెండు రకాలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి తేడాయే లేకుండా పోయింది.

ప్యాక్స్టన్ జంట మిగిలి ఉన్నది. 2002లో పార్లమెంటు చేసిన ఆపన్న జీవజాతుల చట్టం దానికి రక్షణ కల్పిస్తున్నది.

ప్రశ్నలు
1. మగచేప గూటిని ఎట్లా కడుతుంది?
2. హ్యాడ్లీ సరస్సులో జరిగిన నష్టానికీ, ఈనోస్ సరస్సులో జరిగిన నష్టానికీ భేదమేమి?